ఎల్ సాల్వడార్: ఎల్ మొసోతెకు ముప్పావు గంట చాలదు

రాజధాని శాన్ సాల్వడార్‌లోని ఒక టూర్ ఏజెన్సీ తలకు 135 డాలర్ల చొప్పున మా ముగ్గురి దగ్గర 405 డాలర్లు ముందుగానే కట్టించుకుని, యుద్ధ స్మృతుల యాత్ర అని పేరు పెట్టి, ఆ యాత్రకు అసలు కారణమైన, 1980ల అంతర్యుద్ధంలో సైన్యం ఊచకోత కోసిన ఎల్ మొసోతె గ్రామంలో మమ్మల్ని నిలిపింది ముప్పావు గంట. దారిలో ఒక కాఫీ దుకాణంలో అంతకు రెట్టింపు సేపు కూర్చోబెట్టారు. అక్కడి పొట్లం బయట కంటే నాలుగు డాలర్లు ఎక్కువ. ఆ కోపం ఇంకా చల్లారలేదు కనుక ఈ రాతలో అది కనిపిస్తుందని ముందే చెబుతున్నాను.

హ్యూస్టన్ నుంచి మేము ముగ్గురం, అంటే నేను, మా ఆయన, విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదువుతున్న మా అమ్మాయి, వెళ్లాము. హైదరాబాదు నుంచి మా బావగారు కూడా రావలసింది. అయితే 2023 అక్టోబరులో ఆ దేశం భారత పాస్‌పోర్టు ఉన్నవారి మీద, ఆఫ్రికా దేశాలవారి మీద, చివరకు వారిలో అక్కడ విమానం మాత్రం మారేవారి మీద కూడా పన్నుతో కలిపి 1,130 డాలర్ల రుసుము విధించింది. పేరుకు అది విమానాశ్రయం అభివృద్ధి కోసం. అమెరికా సరిహద్దుకు కాలినడకన పోయేవారిని మధ్యలో ఆపడం కోసమన్నది అందరికీ తెలిసిన సంగతే. టికెట్టు కంటే రుసుము ఎక్కువా అని ఆయన ఆగిపోయారు. అక్కడి వీధుల్లో ఎంత గౌరవంగా చూసినా, పాస్‌పోర్టు రంగును బట్టి ధర కట్టిన ఆ లెక్క నాకు మింగుడుపడలేదు.

రాజధానిలో బస బాగుంది: రాత్రికి 62 డాలర్లు, శుభ్రమైన గది, వేడినీళ్లు. చారిత్రక కేంద్రంలో చైనా విరాళంతో కట్టి 2023 నవంబరులో తెరిచిన జాతీయ గ్రంథాలయం రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. రాత్రి పదిన్నరకు చిన్నపిల్లల తల్లులు ఆ మెట్ల మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నారు. ఇది చూసి మా ఆయన ఉప్పొంగిపోయారు. 2015లో ఈ దేశంలో లక్ష జనాభాకు నూటికి పైగా హత్యలు జరిగాయి, 2024లో దేశమంతటా కలిపి 114 అని ప్రభుత్వం చెబుతోంది. ఎమ్మెస్ 13, బార్రియో 18 అనే ముఠాలు వీధి వీధికీ కప్పం వసూలు చేసిన కాలం పోయిందన్నది అబద్ధం కాదు. మేము మాట్లాడిన ప్రతి దుకాణదారూ, ప్రతి టాక్సీ డ్రైవరూ ముందు ఆ మాటే చెప్పారు. "మన దగ్గర కూడా ఇలాంటివాడొకడు రావాలి" అని ఆయన అననే అన్నారు. ముఠాలను అణచిన అధ్యక్షుడు బుకేలే గురించి వాట్సాప్‌లో తిరిగే వీడియోలు మన తెలుగు ఇళ్లలో చాలామంది చూసినవే.

అమ్మాయి ఊరుకోలేదు. 2022 మార్చి 26న ఒక్కరోజులో 62 మందిని ముఠాలు చంపిన తరువాత, మరునాడు విధించిన అత్యవసర పరిస్థితిని ముప్పై రోజులకొకసారి పొడిగిస్తూ వచ్చారని, అరెస్టయిన వారి సంఖ్య 85 వేలు దాటిందని, 72 గంటల్లో జడ్జి ముందుకు తీసుకురావాలన్న నియమాన్ని 15 రోజులకు సాగదీశారని, ఒకేసారి వందలమందిని కలిపి విచారించే చట్టం కూడా చేశారని తండ్రికి ఏకరువు పెట్టింది. వేలమందిని నిర్దోషులని ప్రభుత్వమే తిరిగి వదిలిపెట్టవలసి వచ్చింది. జైల్లోనే చనిపోయినవారు వందల్లో ఉన్నారని అక్కడి హక్కుల సంఘాలు నమోదు చేశాయి. వాటిలో పేరున్న క్రిస్తోసాల్ సంస్థ అవినీతి నిరోధక విభాగం అధిపతి రూత్ లోపెస్‌ను 2025 మేలో అరెస్టు చేశారు. రెండు నెలలకు ఆ సంస్థే దేశం విడిచిపోయింది. తండ్రీకూతుళ్ల మధ్య ఈ వాదం ఆ రాత్రి భోజనం దగ్గర మొదలై యాత్ర అంతా సాగింది. ఇద్దరూ చెప్పేది నిజమే కావడం వల్ల మధ్యలో నేను నోరు మూసుకున్నాను.

శాన్ సాల్వడార్‌లో ఒక్క పూటే ఉండేవారు కూడా మధ్య అమెరికా విశ్వవిద్యాలయానికి వెళ్లండి. 1989 నవంబరు 16న సైనికులు జెస్యూట్ అనే కాథలిక్ సంఘానికి చెందిన ఆరుగురు ఫాదర్లను, వంటపని చేసే ఎల్బా రామోస్‌ను, ఆమె కూతురు సెలీనాను కాల్చి చంపిన చోట ఇప్పుడు గులాబీ తోట ఉంది. ఎల్బా భర్త నాటిన మొక్కలవి. పక్కనే ఉన్న చిన్న మ్యూజియంలో ఆ రాత్రి వారు వేసుకున్న బట్టలు అద్దాల వెనుక ఉన్నాయి. 1980 మార్చి 24న పూజ చేస్తుండగా హత్యకు గురైన ఆర్చిబిషప్ రొమేరో నివసించిన గది దైవకృప ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆయన సమాధి కథీడ్రల్ నేలమాళిగలో. కుస్కత్లాన్ పార్కులో 85 మీటర్ల పొడవున్న నల్లరాతి గోడ మీద యుద్ధంలో బలైన పౌరుల పేర్లు పాతిక వేలకు పైగా చెక్కారు. వీటన్నిటికీ మాకైన ఖర్చు టాక్సీలకు 19 డాలర్లు మాత్రమే.

ఇక ఏజెన్సీ సంగతి. ఆరు గంటలకు వస్తానన్న వ్యాను ఏడుంపావుకు వచ్చింది. గైడు మంచి మాటకారి, జోకులు చెబుతాడు, కానీ యుద్ధం ఎందుకు జరిగిందని అమ్మాయి అడిగితే "మేము రాజకీయాలు మాట్లాడము" అన్నాడు. యుద్ధ స్మృతుల యాత్రలో యుద్ధం గురించి మాట్లాడని గైడు! కాఫీ దుకాణం తరువాత కొండ మీద తాడుకు వేలాడే ఆటకు తీసుకుపోయి, అది ప్యాకేజీలో లేదని, వద్దనుకుంటే కూర్చోవచ్చని చెప్పాడు. గంటంపావు కూర్చున్నాము. ప్యాకేజీలో ఉన్న భోజనంలో కోడిమాంసం, అన్నం వచ్చాయి. మాంసం తినని మా ఆయనకు అదే పళ్లెంలోంచి కోడిముక్క తీసేసి అన్నం పెట్టారు. శాకాహారమని బుక్ చేసేటప్పుడే రాసిన మెయిల్ చూపిస్తే గైడు నవ్వాడు. ఎల్ మొసోతె చేరేసరికి మూడున్నర. నాలుగుంపావుకు హారన్ మోగింది. అక్కడే అమ్మాయి మొండికేసింది, తాను ఈ వ్యానులో తిరిగి రానన్నది. మా ఆయన మొదట మండిపడ్డారు గానీ, అన్నం పళ్లెం గుర్తుకొచ్చిందేమో, పెర్కీన్‌లో దింపేయమని గైడుకు ఆయనే చెప్పారు. డబ్బు వాపసు అడిగితే తరువాతి సర్ఫింగ్ పాఠంలో ఇరవై శాతం తగ్గిస్తామన్నారు.

పెర్కీన్ మొరసాన్ రాష్ట్రంలో పైన్ చెట్ల మధ్య చల్లని చిన్న ఊరు. యుద్ధకాలంలో ప్రభుత్వంతో పోరాడిన గెరిల్లాల రాజధానిగా పేరుపడింది. ముగ్గురికీ కలిపి 38 డాలర్లకు దొరికిన గదిలో మంచాలు పాతవే, దుప్పట్లు మాత్రం మందం. రాత్రి సందు మలుపులో ఒకామె పెనం మీద పుపూసాలు కాల్చి పెట్టింది. మొక్కజొన్న పిండి ముద్దలో చిక్కుడు గింజల ముద్ద, జున్ను కూరి, అరచేతుల మధ్య తట్టి కాలుస్తారు. పైన పులిసిన క్యాబేజీ తురుము వేసుకుంటారు. లొరోకో అనే పూమొగ్గలు కూరిన రకం ఇంకా రుచి. ఒక్కొక్కటి 75 సెంట్లు, ముగ్గురం తిని కాఫీ తాగితే 8 డాలర్లు. మా ఆయన ఐదు తిన్నారు, ఆ పూట వాదం లేదు. విమానాశ్రయం దారిలోని ఓలోక్విల్తాలో బియ్యప్పిండితో చేస్తారు, మనవాళ్లకు అవి మరీ నచ్చుతాయి.

మరునాడు పొద్దున్నే, బసలో వాళ్లు మాట్లాడిపెట్టిన పికప్ బండిలో 20 డాలర్లకు మళ్లీ ఎల్ మొసోతెకు వెళ్లి, చర్చి ముందు కూర్చునే స్థానిక మహిళా గైడుల్లో ఒకామెను వెంటబెట్టుకున్నాము. ఆమె రుసుము అడగలేదు, తోచింది ఇవ్వమన్నది. 15 డాలర్లు ఇచ్చాము, అది తక్కువే. మూడు గంటలు మా వెంట నడిచింది.

1981 డిసెంబరులో, అమెరికా శిక్షణ పొందిన, ఎల్ సాల్వడార్ సైన్యానికి చెందిన అట్లకాట్ల్ బటాలియన్ ఈ ఊరినీ చుట్టుపక్కల పల్లెలనూ తుడిచిపెట్టింది. మగవారిని, ఆడవారిని, పిల్లలను విడదీసి చంపారు. 2017లో ప్రభుత్వం తయారుచేసిన జాబితాలో చనిపోయినవారు 978 మంది, అందులో పన్నెండేళ్ల లోపు పిల్లలు 477 మంది. భర్తనూ నలుగురు బిడ్డలనూ పోగొట్టుకుని, చెట్ల చాటున దాక్కుని బతికిన రుఫీనా అమాయా చెప్పినందువల్లే లోకానికి తెలిసింది. 1982 జనవరి 27న రెండు అమెరికా పత్రికలు రాస్తే, అమెరికా అధికారులు సాక్ష్యం లేదని కొట్టిపారేశారు. 1992లో అర్జెంటీనా నిపుణులు చర్చి పక్కన తవ్వినప్పుడు 143 అస్థిపంజరాలు బయటపడ్డాయి, నూట ముప్పైకి పైగా పిల్లలవి. అదే చోట ఇప్పుడు పిల్లల తోట. చర్చి గోడ మీద పేర్లూ పక్కన వయసులూ రాశారు. వాటిని చదువుతూ పోతే కొన్ని పేర్ల పక్కన ఏళ్లు లేవు, నెలలే ఉన్నాయి. గైడు ఒక వరుస దగ్గర ఆగి, తన తల్లి తరఫు బంధువులని ఐదు పేర్లు వేలితో చూపించి, తరువాతి గోడకు నడిచింది. ముందురోజు మా వ్యాను గైడు ఇక్కడ ఫోటో దిగమని తొందరపెట్టిన గోడ ఇదే.

మా ఆయన ఆమెను ఒక్క ప్రశ్న అడిగారు: శిక్ష ఎవరికైనా పడిందా అని. 1993 మార్చి 15న ఐక్యరాజ్యసమితి సత్యశోధక సంఘం నివేదిక ఇస్తే, ఐదు రోజులకే క్షమాభిక్ష చట్టం వచ్చింది. 2016లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేశాక కేసు కదిలింది. 2020లో విచారణ జడ్జి సైనిక పత్రాలు చూడబోతే సైన్యం తలుపు తీయలేదు. 2021లో అరవై దాటిన జడ్జీలను ఇంటికి పంపే చట్టంతో ఆయన కూడా పోయారు. ఆమె ఇదంతా చెప్పి, ఇప్పటి అరెస్టుల్లో తన అన్న కొడుకు కూడా ఉన్నాడని, ముఠాలు పోయినందుకు సంతోషమే గానీ ఆ కుర్రవాడిని ఎక్కడ ఉంచారో వదినకు చెప్పడం లేదని అన్నది. మా ఆయన అభిప్రాయం మార్చుకోలేదు, మార్చుకున్నట్టు నటించనూ లేదు.

పెర్కీన్‌లో మాజీ గెరిల్లాలు నడిపే విప్లవ మ్యూజియానికి గంటన్నర ఇవ్వండి. ఎల్ మొసోతె దాడిని నడిపిన కర్నల్ మొంతెర్రోసా 1984లో చనిపోయిన హెలికాప్టరు శకలాలు అక్కడే ఉన్నాయి. దాన్ని విజయచిహ్నంగా చూపించే తీరు నాకు అంతగా నచ్చలేదు.

తిరుగు ప్రయాణం 332 నంబరు బస్సులో శాన్ మిగెల్‌కు. దారిలో సైనికులు ఆపి మగవారందరినీ దింపారు. కుర్రవాళ్లను చొక్కాలెత్తి పచ్చబొట్లు చూపించమన్నారు. మా ఆయన పాస్‌పోర్టు అట్ట చూడగానే స్వాగతం అని చెప్పి పంపేశారు. ఒక విద్యార్థి ఫోను మాత్రం పది నిమిషాలు తిప్పి చూసి తిరిగిచ్చారు. బస్సెక్కాక అతనితో ఎవరూ మాట్లాడలేదు. సముద్రతీరంలో మిగిలిన రోజులు హాయిగా గడిచాయి, రాయడానికేమీ లేదు.

వెళ్లేవారికి నా సలహాలు ఇవి: రాజధానిలో ఎవరి దగ్గరా ఈ యాత్ర కొనకండి. పెర్కీన్‌లో రెండు రాత్రులు ఉండండి, గైడును ఊళ్లోనే మాట్లాడుకోండి, స్పానిష్ రాకపోతే ఫోనులో అనువాదం సిద్ధం చేసుకోండి, చిల్లర డాలర్లు ఉంచుకోండి. సైనికులను, తనిఖీలను ఫోటో తీయకండి. తమ ఇంటివారు జైల్లో ఉన్నారని చెప్పినవారిని ఊరు పేరుతో సహా వీడియోలో పెట్టకండి, నష్టం మీకు కాదు వాళ్లకు. శాన్ మిగెల్ ఉక్కపోత భరించలేనిది కనుక అక్కడ రాత్రి బస పెట్టుకోకుండా, పొద్దున్నే రాజధానిలో బయలుదేరి మధ్యాహ్నం లోపు కొండెక్కే బస్సు అందుకోండి.