చేతి ఫ్లోరోమీటర్‌తో వేరుశనగ పొలంలో: వేగం బాగుంది, కోణమే చిక్కు

పొలంలో పట్టుకు తిరిగే ఈ చిన్న క్లోరోఫిల్ ఫ్లోరోమీటర్‌ను (ఆకు పత్రహరితం తిరిగి వెలువరించే సన్నని కాంతిని బట్టి కిరణజన్య సంయోగక్రియ తీరును చెప్పే పరికరం) అనంతపురం ఎర్రనేలల్లో, వర్షాధార వేరుశనగ లైన్ల (మంచి రకం కోసం పరీక్షిస్తున్న వంగడాల) మీద కొన్ని సీజన్లుగా వాడుతున్నాను. దీని మీద నాకున్న కినుక అంతా ఒక్క భాగం గురించే: ఆకును బిగించే క్లిప్పు, దాని పక్కనే ఉండే కాంతి సెన్సర్.

కొన్న కొత్తలో దీన్ని అడిగినవారికీ అడగనివారికీ మెచ్చుకుని చెప్పాను. కారణం వేగం. ఆకు వాయుమార్పిడిని, అంటే అది ఎంత కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటోందో కొలిచే పెద్ద యంత్రంలో ఒక ఆకు కుదురుకునేందుకే నిమిషాలు పడుతుంది. వందల మడులున్న ప్రయోగంలో మొదటి మడి నుంచి చివరి మడికి చేరేలోగా ఎండే మారిపోతుంది. ఆకుకు వెలుతురు తగలకుండా చీకటి క్లిప్పులు పెట్టి 20-30 నిమిషాలు ఆగితే వచ్చే గరిష్ఠ సామర్థ్యపు అంకె, ఆరోగ్యంగా ఉన్న ఆకుల్లో ఏ లైనుకైనా 0.83 దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి ఎంపికకు పెద్దగా అక్కరకు రాదు. ఈ పరికరం మాత్రం ఎండలో ఉన్న ఆకును ఉన్నపళంగా కొలిచి, ఆ వెలుతురులో ఫొటోసిస్టమ్-2 (ఆకులో కాంతిని పట్టి ఎలక్ట్రాన్లను కదిలించే భాగం) ఎంత సమర్థంగా పనిచేస్తోందో సెకన్లలో చెబుతుంది. నీడ పడగానే, ఎక్కువైన ఎండను వేడిగా వదిలేసే రక్షణ స్థితి నుంచి త్వరగా కోలుకునేలా మార్చిన పొగాకు మొక్కల ఎండు బరువు పొలంలో సుమారు 15 శాతం పెరిగిందని 2016లో ఇల్లినాయి పరిశోధకులు చూపినప్పటి నుంచి, ఇలా మారే వెలుతురులో తీసే కొలత మీదే నాకు గురి.

చిక్కు బెట్ట వచ్చిన ఏడాది బయటపడింది. ఊడలు దిగే దశలో వానలు ముఖం చాటేశాయి. ఉదయపు కొలతల్లో ముందున్న కొన్ని లైన్లు మధ్యాహ్నానికి అట్టడుగుకు చేరాయి. తడి పెట్టిన మడుల్లో ఈ తారుమారు లేదు. పైగా అవే లైన్లలో సామర్థ్యం తక్కువగా, ఎలక్ట్రాన్ ప్రవాహం ఎక్కువగా నమోదైంది. వేరుశనగ ఆకుకు నాలుగు చిరుఆకులుంటాయి. బెట్టలో ఎండ ముదిరేసరికి అవి పైకి లేచి, ఒకదానికొకటి దగ్గరై, ఎండకు అంచు మాత్రమే చూపిస్తాయి. క్లిప్పులో పెట్టాలంటే వాటిని విప్పి పరచక తప్పదు. (ఆకును సమంగా పరచి పట్టండని పరికరంతో వచ్చిన పుస్తకం చెబుతుంది, వెడల్పాటి ఆకుల పైర్లను చూసి రాసిన మాట కాబోలు.) విప్పగానే సెన్సర్ నిండు ఎండను చదివి 1,800 మైక్రోమోల్స్ అని రాసుకుంటుంది, లోపలి దీపంతో అంతే తీవ్రతను ఆకు మీద వేస్తుంది. ఆ వెలుతురుకు అలవాటుపడే వ్యవధి లేని ఆకు సామర్థ్యం పడిపోతుంది. ఎలక్ట్రాన్ ప్రవాహమనే అంకె ఆ సామర్థ్యాన్ని వెలుతురుతోనూ, 0.84 (ఆకు పీల్చుకునే కాంతి వంతు), 0.5 (అందులో ఫొటోసిస్టమ్-2కు చేరే వంతు) అనే స్థిరాంకాలతోనూ గుణిస్తే వచ్చేదే కనుక, చెట్టు మీద ఆ ఆకుకు తగలని ఎండ కూడా అందులో చేరి దాన్ని ఉబ్బించేస్తుంది. వెరసి, ఎండ నుంచి తనను తాను బాగా కాపాడుకునే లైనుకే సామర్థ్యంలో తక్కువ మార్కులు పడ్డాయి. చివరికి కాయ దిగుబడిలో అవే ముందుండడం చూసినప్పుడు కలిగిన చిరాకు ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

అయితే దారి కూడా ఈ పరికరంలోనే దొరికింది. ప్రతి కొలతతోపాటు ఇది తన వంపు కోణాన్నీ దిక్కునూ నమోదు చేస్తుంది. ఆ గడులను మామూలుగా ఎవరూ తెరిచి చూడరు. ఇప్పుడు ఆకు ఉన్న కోణానికే పరికరాన్ని వంచి పట్టడం మా కుర్రాళ్లకు నేర్పాము, వంపు అంకె పొంతన లేకుండా వస్తే ఆ కొలతను పక్కన పెడుతున్నాము. ఫలితాలు మెరుగుపడ్డాయి, కానీ నేను అంతగా పొగిడిన వేగం సగానికి సగం తగ్గింది. అదీగాక, బెట్టలో పత్రరంధ్రాలు మూసుకున్నప్పుడు ఎలక్ట్రాన్లలో గణనీయమైన భాగం కాంతిశ్వాసక్రియకు (కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకున్నందువల్ల జరిగే వృథా పనికి) పోతుంది కాబట్టి, ఈ అంకెను కార్బన్ స్థిరీకరణగా చదవకూడదు. చివరి వడపోతలో మిగిలిన కొద్ది లైన్లకైనా పెద్ద యంత్రం కావాలి. పక్క విభాగంలో అది ఉండడం వల్ల నాకు సాగుతోంది, లేనివారి సంగతి వేరు.

మొక్కజొన్న, జొన్న వంటి పైర్ల మీద పనిచేసేవారికి నా ఫిర్యాదు అంతగా వర్తించకపోవచ్చు. ఆ ఆకు వెడల్పు, ఆ సి4 స్వభావం (కాంతిశ్వాసక్రియకు పోయేది చాలా తక్కువగా ఉండే తీరు) ఈ కొలతకు బాగా అనువైనవి. నీటి వసతి ఉన్న రబీ వేరుశనగలోనూ ఉదయం పూట నిశ్చింతగా వాడవచ్చు. వర్షాధార ప్రయోగాలకే కొనదలచినవారు మాత్రం తాము చూస్తున్న మోడల్ వంపు కోణాన్ని నమోదు చేస్తుందో లేదో ముందుగా అడిగి తెలుసుకుని, చేయకపోతే ఆ డబ్బు వేరేదానికి ఉంచుకోవడం మేలు.