లాగ్‌రొటేటా, రొటేట్‌లాగ్సా: హోస్టింగ్ సర్వర్‌కు ఏది మేలు?

మా కస్టమర్లందరూ విశాఖవాళ్లే. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లు, అరకు ట్రిప్పులు వేసే ట్రావెల్స్, గాజువాకలో స్పేర్ పార్టుల షాపులు. సైట్‌కు ఎవరెప్పుడు వచ్చారో సర్వర్ రాసుకునే లాగ్ ఫైల్ అనేది ఒకటుందని కూడా వీళ్లకు గుర్తుండదు. సైట్ హ్యాక్ అయిన రోజు మాత్రం "రెండు నెలల కిందటి నుంచి ఎవరెవరు వచ్చారో చూపించండి సార్" అంటారు.

లాగ్ ఫైల్ పెరిగిపోకుండా పాతదాన్ని పక్కనపెట్టి కొత్తది మొదలుపెట్టడమే రొటేషన్. ఈ రెండు టూల్సూ చేసే పని అదే. రొటేట్‌లాగ్స్ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన అపాచీతోపాటే వస్తుంది. అపాచీ రాసే ప్రతి లైనూ పైప్‌లో దాని దగ్గరికి వెళ్తుంది. 86400 సెకన్లు అని ఇస్తే రోజుకో ఫైల్. అపాచీని రీలోడ్ చేసే పనిలేదు. కానీ ఒక్కో లాగ్‌కు ఒక్కో ప్రాసెస్ కావాలి. 300 సైట్లకు యాక్సెస్, ఎర్రర్ లాగ్‌లు విడివిడిగా పెడితే 600 ప్రాసెస్‌లు! పైగా మైనస్ ఎల్ ఆప్షన్ ఇవ్వకపోతే అది గ్రీనిచ్ టైమ్ లెక్క చూస్తుంది. అంటే మనకు రోజు మారేది పొద్దున్న 5:30కి. నాలుగైదు సైట్లున్న సర్వర్‌కైతే ఇది హాయి.

సైట్లు ఎక్కువుంటే నా ఓటు, షెడ్యూల్ ప్రకారం విడిగా నడిచే లాగ్‌రొటేట్‌కే. ఉబుంటులో అపాచీకి వచ్చే సెట్టింగ్ రోజుకోసారి, 14 ఫైళ్లు. కోచింగ్ సెంటర్ రిజల్ట్స్ పెట్టిన రోజున అది చాలదు. ఇంత సైజు దాటితే రోజు కాకపోయినా ఫైల్ మార్చమనే మ్యాక్స్‌సైజ్ పెట్టాలి, లాగ్‌రొటేట్‌ను గంటకోసారి నడపాలి. రోజుకోసారే నడిస్తే మ్యాక్స్‌సైజ్ ఎంత పెట్టినా మధ్యలో చూసే నాథుడుండడు. కాపీట్రంకేట్ జోలికి మాత్రం వెళ్లకండి. కాపీ అయ్యాక ఫైల్‌ను ఖాళీ చేసేలోపు వచ్చిన లైన్లు పోవచ్చు. ఫైల్ మార్చాక అపాచీని రీలోడ్ చేయించడమే మేలు. పాత ప్రాసెస్‌లు కాసేపు పాత ఫైల్‌లోనే రాస్తాయి కాబట్టి జిప్ చేయడాన్ని తర్వాతి రొటేషన్ దాకా ఆపే డిలేకంప్రెస్ కూడా ఉండాలి.

ఒకసారి డిస్క్ నిండిందని కంగారులో పెద్ద లాగ్‌ను చేత్తో డిలీట్ చేశాను. ఫైల్ కనబడటం లేదు, డిస్క్ మాత్రం నిండే ఉంది! అపాచీ దాన్ని ఇంకా తెరిచే ఉంచింది మరి. రీలోడ్ చేస్తేగానీ జాగా రాలేదు. ఈ సంగతి అర్థమయ్యేసరికి అరగంట టెన్షన్.

ఇక ఎన్నాళ్లు ఉంచాలి? 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజులు. మన దగ్గర హోస్టింగ్ నడిపేవాళ్లకు 14 రోజుల డిఫాల్ట్ సరిపోదన్నమాట. అలాగని ఆర్నెల్ల లాగ్‌లను సర్వర్‌లోనే పెట్టుకోవడం దండగ. 14 రోజులవి అక్కడ ఉంచి, జిప్ చేసిన ప్రతి ఫైల్‌నూ రోజూ వేరే ఊళ్లోని స్టోరేజ్‌కు పంపుతున్నాం. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లం, అన్నీ ఒకే ఊళ్లో పెట్టడానికి మనసొప్పదు. ఫైల్ పేరులో తేదీ వచ్చేలా డేట్‌ఎక్స్‌ట్ పెడితే వెతుక్కోవడం సులువు.

లాగ్‌లను కస్టమర్ ఫోల్డర్‌లోనే రాయించే పద్ధతీ ఉంది. నేను మానేశాను. అవి వాళ్ల కోటా తినేస్తాయి, ఫోల్డర్‌లోకి చొరబడ్డవాడు ముందు వాటినే చెరిపేస్తాడు. ఇప్పుడు వాళ్లకు చదవడానికి మాత్రం ఓ కాపీ ఇస్తున్నాం.