డాక్టరు గదికి నాలుగు మార్కులు, ఇంజెక్షన్ గదికి రెండున్నర

హస్తవాసి మంచిదని పేరున్న క్లినిక్ ఇది. ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు సిస్టర్లు, రిసెప్షన్‌లో ఒకరు. హస్తవాసిని కొలవలేం గానీ ఆ చేతులు ఎప్పుడెప్పుడు కడుగుతున్నారో చూడొచ్చు. డాక్టర్లిద్దరూ పేషెంటును ముట్టుకోవడానికి ముందూ తర్వాతా శానిటైజర్ రాసుకుంటున్నారు. అరచేతులతో సరిపెట్టకుండా వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల చివర్లు కూడా తడిసేలా 20 నుంచి 30 సెకన్లు రుద్దుతున్నారు. వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్లను చూశాక మాత్రం సబ్బూ నీళ్లే. తెలిసి చేస్తున్న పనే ఇది: నోరోవైరస్ లాంటివాటి మీద శానిటైజర్ అంతగా పనిచేయదు.

బీపీ కూడా పద్ధతిగానే చూస్తున్నారు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టకుండా ఐదు నిమిషాలు కూర్చోబెడతారు. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు తాకాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. లావు చేతులకు వేరే పెద్ద పట్టీ ఉంది. పట్టీ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో దాదాపు 80 శాతం చుట్టిరావాలి. చాలని పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది, అక్కర్లేని మాత్ర మొదలవుతుంది. చొక్కా చేతి మీదే పట్టీ కట్టేయడం మాత్రం మానుకోవాలి.

పిల్లల మందు రాయడంలో పూర్తి మార్కులు ఇవ్వొచ్చు. వచ్చిన ప్రతిసారీ బరువు తూస్తారు, చీటీలో మిల్లీగ్రాములూ మిల్లీలీటర్లూ రెండూ రాస్తారు. పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. లెక్కన పది కిలోల పిల్లకు ఒక డోసు 150 మి.గ్రా. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 6 మి.లీ. పైచిలుకు పట్టాలి, 250 ఉండేదైతే 3 మి.లీ. చాలు. 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండే చుక్కల మందయితే ఒకటిన్నర మి.లీ. ఉత్తినే ‘5 మి.లీ.’ అని రాసిన చీటీకి చుక్కల మందు చేతికొస్తే పిల్ల ఒంట్లోకి మూడు రెట్ల పైన పోతుంది.

మార్కులు పోయింది ఇంజెక్షన్ గదిలో. సూదుల మీద వంక లేదు. ప్యాకెట్ పేషెంటు ఎదుటే చించుతారు, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టరు, గట్టి డబ్బాలో వేస్తారు, ముప్పావు నిండగానే డబ్బా మారుస్తారు. చిక్కల్లా సీసాలతోనే. సగం వాడిన లిగ్నోకైన్ (తిమ్మిరెక్కించే మందు) సీసా మీద తెరిచిన తేదీ లేదు. ఇలా పలుమార్లు వాడే సీసాను, కంపెనీ ఇంకా తక్కువ గడువు చెప్పకపోతే, తెరిచాక 28 రోజులకు మించి ఉంచకూడదు. పైగా రబ్బరు మూతకు ఓ సూది గుచ్చి అలాగే వదిలేశారు, తర్వాతి డోసు చటుక్కున లాగడానికి. చాలాచోట్ల ఉన్న పాడు అలవాటే! సూది బోలుగా ఉంటుంది కదా, క్రిములకు సీసాలోకి గొట్టం వేసి పెట్టినట్టే. ప్రతిసారీ రబ్బరును ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, కొత్త సూదీ కొత్త సిరంజీ వాడాలి. సూది ఒక్కటే మారిస్తే చాలదు.

ఫ్రిజ్ పైన 5 డిగ్రీలు అని కనిపిస్తోంది. టీకాలకు 2 నుంచి 8 ఉండాలి కాబట్టి అంతా సవ్యమే అనిపిస్తుంది. కానీ కొన్ని టీకాలు తలుపు అరల్లో ఉన్నాయి, తెరిచినప్పుడల్లా వేడి గాలి తగిలేది అక్కడే. ఒక పెట్టె వెనక గోడకు ఆనుకుని మంచు పట్టి ఉంది. ఎక్కువ భయపడాల్సింది ఈ రెండోదానికే. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఒక్కసారి గడ్డకడితే పారేయాల్సిందే. సీసా మీద రంగు మారే గుర్తు వేడిని పట్టిస్తుంది గానీ గడ్డకట్టడాన్ని పట్టివ్వదు. టీకాలన్నీ మధ్య అరల్లోకి, గోడకు ఎడంగా జరపాలి. అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు పెట్టి, రోజుకు రెండుసార్లు రాసుకోవాలి.

ప్రాణం మీదికొచ్చే అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ ఉంది, గడువు దాటలేదు. అయితే అది బీరువాలో, తాళంచెవి రిసెప్షన్‌లో! ఇంజెక్షన్ పడక మనిషి ఊపిరాడక కూలబడితే, 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే మందు పెద్దవాళ్లకు అర మి.లీ. తొడ కండరానికి వెంటనే ఇవ్వాలి. ట్రేలో, సిరంజి పక్కనే ఉండాల్సిన వస్తువు అది.

ఇక రిపోర్టుల సంగతి. రక్త పరీక్షకు పంపినవాళ్లతో ‘ఏదన్నా ఉంటే ఫోన్ చేస్తాం’ అంటున్నారు. ఫోన్ రాకపోతే అంతా బాగుందనుకుని ఇంట్లో కూర్చుంటారు, రిపోర్టు ల్యాబ్‌లోనే ఆగిపోయినా సరే. దీనికి కంప్యూటరేమీ అక్కర్లేదు, గీతలు కొట్టిన నోటుబుక్ చాలు: ఏ పరీక్ష, ఎప్పుడు పంపారు, వచ్చిందా, డాక్టరు చూశారా, పేషెంటుకు చెప్పారా. చివరి గడి ఖాళీగా ఉన్నవాళ్లకు సాయంత్రం ఒకరు ఫోన్ చేయాలి. అది మొదలయ్యేదాకా ఇక్కడికి వెళ్లేవాళ్లు రిపోర్టు ఏ రోజు వస్తుందో అడిగి రాసుకుని, ఆ రోజు తామే వెళ్లి డాక్టరుకు చూపించుకోవాలి.