ఇగ్వాసు దగ్గర సంచి దించేది ఏ ఊళ్లో?

ఇగ్వాసు జలపాతానికి వెళ్లేవారు జలపాతం గురించి నెలరోజులు చదువుతారు. రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం బస్సు దిగాక ఆలోచిస్తారు. ఇగ్వాసు నది పరానా నదిలో కలిసే చోట మూడు దేశాలు, మూడు ఊళ్లు ఎదురెదురుగా ఉంటాయి: బ్రెజిల్‌లో ఫోజ్ దో ఇగ్వాసు, అర్జెంటీనాలో ప్వెర్టో ఇగ్వాసు, పరాగ్వేలో సియుదాద్ దెల్ ఎస్తె. వీపున సంచితో, భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి వీటిలో ఏది మేలు?

జలపాతం ఒక్కటే లెక్కయితే ప్వెర్టో ఇగ్వాసుదే పైచేయి. సుమారు 275 పాయల్లో అధికభాగం అర్జెంటీనా గడ్డ మీద నుంచే దూకుతాయి. అక్కడి పార్కులో చిన్న రైలు, పై దారి, కింది దారి, ‘దయ్యం గొంతు’ అని పేరుపడ్డ పెద్ద పాయ అంచుదాకా తీసుకెళ్లే వంతెన బాట ఉన్నాయి. వీటన్నిటికీ ఒక పూర్తి రోజు పడుతుంది. పొద్దున్నే గేటు దగ్గర ఉండాలంటే ఆ ఊళ్లో నిద్రలేవడమే సుఖం. ఊరు చిన్నది. బస్టాండు నడిబొడ్డున ఉంది, చవక వసతులు దాని చుట్టూ నడక దూరంలోనే దొరుకుతాయి. బ్రెజిల్ వైపు కిలోమీటరు పైచిలుకు బాట ఒక్కటే, సగం రోజు చాలు. అయితే మొత్తం దృశ్యం ఒక్క చూపులో అందేది అక్కడే. పెళ్లి అర్జెంటీనాలో జరుగుతుంటే ముందు వరుస కుర్చీలు బ్రెజిల్‌లో వేసినట్టుంటుంది.

అయినా నా ఓటు ఫోజ్‌కే. మొదటి కారణం తిండి. అర్జెంటీనా భోజనమంటే ప్రధానంగా గొడ్డుమాంసం. శాకాహారికి జున్ను ఎంపనాదాలు (కజ్జికాయల్లా మడిచి చేసేవి), పీజా రెండో రోజుకే మొహం మొత్తుతాయి. ఫోజ్‌లో పళ్లేన్ని తూచి డబ్బు తీసుకునే హోటళ్లుంటాయి. అన్నం, చిక్కుడు గింజల కూర, ఆకుకూరలు కావలసినంత వడ్డించుకోవచ్చు. చిక్కుడు కూరలో మాంసం వేశారేమో అడగడం మరవద్దు. పైగా లెబనాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎక్కువ కాబట్టి శనగలతో చేసే ఫలాఫెల్ వడలు, హమ్ముస్ ముద్ద సులువుగా దొరుకుతాయి. అన్నానికి అలవాటుపడిన కడుపుకు ఇది చిన్న సంగతి కాదు. రెండో కారణం, ఫోజ్ అసలైన ఊరు. పర్యాటకులు లేకపోయినా దాని పని దానికుంటుంది. 120 నంబరు సిటీ బస్సు ఊరి టెర్మినల్ నుంచి విమానాశ్రయం మీదుగా జలపాతం పార్కుదాకా వెళుతుంది. లోపం లేకపోలేదు: దూరప్రాంతాల బస్టాండు ఊరి మధ్యకు దూరం, చీకటి పడ్డాక నడిబొడ్డు బోసిపోతుంది. ఆ వేళకు టాక్సీయే మంచిది.

అసలు చిక్కు వంతెనల దగ్గర వస్తుంది. ఫోజ్‌కూ ప్వెర్టో ఇగ్వాసుకూ మధ్య 1985లో తెరిచిన వంతెన మీదుగా బస్సులు తిరుగుతాయి. స్థానికులకు బ్రెజిల్ చౌకీలో పనుండదు కాబట్టి డ్రైవరు అక్కడ ఆపకపోవచ్చు. పాస్‌పోర్టు మీద ముద్ర పడాల్సింది మనకు. ఎక్కేటప్పుడే చెప్పి దిగాలి. బస్సు మన కోసం ఆగకపోతే తర్వాతి బస్సులో వెళ్లాలి, అందుకే టికెట్టు పారేయకూడదు. బయలుదేరిన ముద్ర లేకుండా వెళితే తర్వాత బ్రెజిల్ అధికారుల ముందు సమాధానం చెప్పుకోవాలి. తిరిగి ఫోజ్‌కు రావాలనుకునేవారు తమ బ్రెజిల్ వీసా ఒక్క ప్రవేశానికా, పలుమార్లకా అని ముందే చూసుకోవాలి. అమెరికా వీసా ఉన్న మనవాళ్లకు ఒక వెసులుబాటుంది: చెల్లుబాటయ్యే అమెరికా పర్యాటక వీసా ఉన్న భారతీయులకు అర్జెంటీనా 2025లో నిబంధనలు సడలించింది. టికెట్లు కొనే ముందు తాజా షరతులు చూసుకోండి.

ఇక సియుదాద్ దెల్ ఎస్తె. 1957లో పుట్టిన ఈ ఊరు ఫోన్లు, అత్తర్లు, దుప్పట్లు అమ్మే పెద్ద సంత. దీన్ని ఫోజ్‌తో కలిపే స్నేహ వంతెన మీద మూటలు మోసేవాళ్లూ మోటారుసైకిళ్లూ కిక్కిరిసి ఉంటారు. దుకాణాలు పెందలాడే మూస్తారు, ఆ తర్వాత వీధుల్లో చూసేదేమీ ఉండదు. రాత్రి బసకు నేను ససేమిరా అంటాను, పగటికైతే సరే. దగ్గర్లోనే 14,000 మెగావాట్ల ఇతైపు ఆనకట్ట ఉంది. కానీ దాన్ని ఫోజ్ వైపు నుంచి కూడా చూడొచ్చు. వంతెన మీద ఎవరూ ఆపడం లేదు కదా అని వీసా లేకుండా దాటవద్దు. భారతీయులకు పరాగ్వే వీసా తప్పనిసరి, పట్టుబడితే బేరం పొరుగు దేశపు పోలీసులతో.

ఏ ఊళ్లో దిగినా ఒక కాగితం ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవాలి: పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా ధ్రువపత్రం. ఈ మూడు దేశాల నుంచి వచ్చేవారిని మన విమానాశ్రయాల్లో అది అడుగుతారు, లేకపోతే ఆరు రోజులదాకా విడిగా ఉంచవచ్చు. టీకా వేసుకున్న పది రోజులకుగానీ పత్రం చెల్లదు. హైదరాబాదులో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఈ టీకా వేస్తారు.