బెల్జియం పద్ధతా, స్విస్ పద్ధతా?

బీసెంట్ రోడ్డులో టీ దగ్గర మా బావతో మొదలైన వాదన ఇది: భాషకో పార్టీ ఉండాలా, అన్ని భాషలకీ ఒకే పార్టీలు ఉండాలా?

బెల్జియంలో డచ్ పార్టీలు వేరు, ఫ్రెంచ్ పార్టీలు వేరు, బ్రస్సెల్స్ వైపు తప్ప అవతలి భాష పార్టీకి వేద్దామన్నా బ్యాలెట్‌లో దాదాపు కనపడదు, అంటే సగం దేశాన్ని ఓటడగకుండానే ప్రధాని అయిపోవచ్చు. 2010 ఎన్నికల తర్వాత 541 రోజులు పూర్తిస్థాయి ప్రభుత్వమే లేదు!

స్విట్జర్లాండ్‌లో నాలుగు జాతీయ భాషలున్నా ప్రధాన పార్టీలు దేశమంతా ఉంటాయి, పైగా రెఫరెండాలు, అంటే పెద్ద విషయాల మీద జనమే నేరుగా ఓటేసి తేల్చడం. ఉత్తర జురా ప్రాంతంలోని ఫ్రెంచ్ భాషవాళ్లు బెర్న్ కాంటన్ (మన రాష్ట్రం లాంటిది) నుంచి విడిపోయి 1979లో సొంత కాంటన్ తెచ్చుకున్నదీ ఓట్లతోనే. నా ఓటు దీనికే.

"భాష ఒకటైతే గొడవే ఉండదురా" అన్నాడు బావ. 1953లో భాష పేరుతోనే ఆంధ్ర రాష్ట్రం తెచ్చుకున్నాం, 2014లో అదే భాషవాళ్లం విడిపోయాం కదా బావా అంటే, టీ డబ్బులు నన్నే ఇవ్వమన్నాడు.