మూడు నెలల ఐటీ టిప్పులు: నా నోట్‌బుక్ లెక్క

పర్లాకిమిడిలో నాకు జెరాక్స్, డీటీపీ కొట్టుంది. ఒడియా ఫారాలు, తెలుగు పెళ్లికార్డులు, ఆధార్ ప్రింట్లు. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. వాడు తెరిచిచ్చిన డీమ్యాట్‌లో, అంటే షేర్లు దాచుకునే ఖాతాలో, నాలుగేళ్లుగా కాస్త కాస్త ఐటీ షేర్లు కొంటున్నాను. 2025 సెప్టెంబర్ మొదటి వారంలో మా పక్క వీధి రిటైర్డ్ మాస్టారు "ఒక్క టిప్పుతో ఫీజు తిరిగొచ్చేస్తుందమ్మా" అంటే, ఐటీ షేర్లకు టిప్పులిచ్చే ఒక టెలిగ్రామ్ ఛానెల్‌లో చేరాను. మూడు నెలలకు 2,499 రూపాయలు. పేరు రాయను. గడువు మొన్ననే అయింది.

కొట్లో పద్దు రాసే అలవాటు నాది. మెసేజ్ వచ్చిన టైము, అందులో చెప్పిన ధర, నేను ఫోన్ తీసి చూసేసరికి ఉన్న ధర, మూడూ నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. ఈ రివ్యూ అందులోంచే.

మొదటిది ఇన్ఫోసిస్ బైబ్యాక్. షేరు 1,800 చొప్పున 18,000 కోట్లకు కంపెనీయే తిరిగి కొంటుందని సెప్టెంబర్ 11న బోర్డు ప్రకటించింది. బోర్డు దీనికోసమే కూర్చుంటుందని స్టాక్ ఎక్స్ఛేంజీకి 8వ తేదీనే చెప్పారు. మా ఛానెల్‌కి మెలకువ వచ్చింది 12న. "1,500 చిల్లరకి కొనండి, 1,800 గ్యారంటీ." గ్యారంటీ ఎక్కడిది? మనం ఇస్తామన్న షేర్లన్నీ కంపెనీ తీసుకోదు. రెండు లక్షల లోపు విలువైన షేర్లున్న చిన్నవాళ్లకి 15 శాతం కోటా ఉంటుంది, అందులోనూ ఎంతమంది పోటీకొస్తే అంత తగ్గుతుంది. పైగా 2024 అక్టోబర్‌లో వచ్చిన రూలు ప్రకారం అప్పట్లో ఆ వచ్చిన డబ్బు డివిడెండ్ కింద మన ఆదాయంలో కలిపి పన్ను వేసేవారు. వీటిలో ఒక్క ముక్క మెసేజ్‌లో లేదు. నేను అడిగితే "పాజిటివ్‌గా ఉండండి మేడమ్" అని జవాబు.

తర్వాత హెచ్1బీ గోల, అంటే ఐటీ కంపెనీలు మనవాళ్లని అమెరికా పంపే ఉద్యోగ వీసా. సెప్టెంబర్ 19 శుక్రవారం ట్రంప్ లక్ష డాలర్ల ఫీజు మీద సంతకం పెట్టారు. మనకు తెలిసేసరికి శనివారం, మార్కెట్ సెలవు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఆదివారం అబ్బాయి ఫోన్ చేసి "ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి కాదంటమ్మా, కొత్త దరఖాస్తులకేనట, ఏటేటా కట్టేదీ కాదట" అన్నాడు. సోమవారం తెరవగానే ఐటీ షేర్లు కిందనే మొదలయ్యాయి. 9.21కి ఛానెల్‌లో సైరన్ బొమ్మలతో "ఐటీ మొత్తం అమ్మేయండి, అర్జెంట్". పడ్డాక అమ్మమనడానికి వీళ్లెందుకు? నేను అమ్మలేదు. మాస్టారు అమ్మేశారు.

నా చెయ్యి కాలింది మాత్రం అక్టోబర్‌లో, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ షేరుతో. 11.04కి "206 దగ్గర కొనండి, టార్గెట్ 240, పెద్ద విదేశీ ఆర్డర్". కొట్లో స్కాలర్‌షిప్ ఫారాల పిల్లలు నిలబడున్నారు, వాళ్లని పంపించి 11.09కి చూస్తే 219. ఆత్రం కొద్దీ వంద షేర్లు కొన్నాను. మర్నాడూ, ఆ మర్నాడూ లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి ఇంక కిందికి పడనివ్వని అడుగు ధర. అమ్మేవాళ్లే గాని కొనే నాథుడు లేడు. చివరికి 181కి వదిలించుకున్నాను. పోయింది 3,800. రెండు రూపాయల లెక్కన 1,900 కాగితాల జెరాక్స్ అది, గుంటడి జీతం, కరెంటు బిల్లు తీయకుండానే. రాత్రి బీఎస్ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ) సైట్ తెరిచి చూస్తే ఆ ఆర్డర్ సంగతి కంపెనీ ముందురోజు సాయంత్రమే పెట్టింది. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చదువుకోవచ్చు. ఛానెల్‌లో నా 206 మెసేజ్ మాత్రం మాయమైంది. దాని చోట లాభాల స్క్రీన్‌షాట్లు.

ఇంకో తమాషా. "212 దాటితే కొనండి, 205 దిగితే అమ్మండి" అని ఒకే షేరుకి రెండు వైపులా చెబుతారు. సాయంత్రానికి ఏదో ఒకటి అవుతుంది, "టార్గెట్ హిట్" అంటారు.

డబ్బు కట్టకముందు అడగాల్సిన ప్రశ్న కట్టాక అడిగాను, అది నా తప్పే. ఫీజు తీసుకుని షేర్లు చెప్పేవాళ్లు షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ దగ్గర రీసెర్చ్ అనలిస్టుగా నమోదై ఉండాలి. ఆ నంబరు ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది, సెబీ సైట్‌లో వెతికితే దొరుకుతుంది. వీళ్లు నాకు పంపింది ఉద్యమ్ సర్టిఫికెట్, చిన్న వ్యాపారాల నమోదు కాగితం! అప్పడాలు చేసే ఆవిడకి, పంచర్ కొట్టు అతనికి అలాంటివి నేనే నింపి ప్రింట్ తీసిస్తుంటాను. ఆధార్, పాన్ ఉంటే పావుగంట పని. ఈ మాట వాళ్లకే రాశాను. ఆ తర్వాత నా ప్రశ్నలకి జవాబుల్లేవు.

మంచి కూడా చెప్పాలి. కంపెనీల మూడు నెలల ఫలితాల తేదీల పట్టిక శుభ్రంగా ఇచ్చేవారు, అక్టోబర్ 9న టీసీఎస్ అని ముందే రాసిపెట్టుకున్నాను. ఒక అమ్మాయి వాయిస్ మెసేజ్‌లు పెట్టేది. కాన్‌స్టంట్ కరెన్సీ (డాలర్, రూపాయి ధరల మార్పు తీసేసి చూసే అమ్మకాల లెక్క) అంటే ఏమిటో, రూపాయి పడితే డాలర్లలో సంపాదించే కంపెనీకి అమ్మకాలు పెరిగినట్టు ఎందుకు కనిపిస్తుందో, ఇంట్లో పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. నాలుగేళ్లలో నాకు అర్థంకానిది ఆరు నిమిషాల్లో అర్థమైంది. ఆమె ఒక్కత్తే విడిగా క్లాసు పెడితే చేరతాను.

ఐదుకి ఒక స్టార్. ఆ స్టార్ కూడా ఆ అమ్మాయిదే.

మాస్టారు ఇంకో మూడు నెలలకి కట్టారు. నిన్న "టార్గెట్ హిట్" స్క్రీన్‌షాట్ ప్రింట్ కావాలని నా దగ్గరికే వచ్చారు. కలర్ అడిగారు. పది రూపాయలు తీసుకున్నాను.