పాండాను పంపడమా, ఒప్పందం రాసుకోవడమా: దేశాల స్నేహానికి ఏది మేలు?

పాండాను పంపి ఒక దేశాన్ని దగ్గర చేసుకోవడం చైనాకు పాత అలవాటే. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా పర్యటన తర్వాత లింగ్-లింగ్, సింగ్-సింగ్ అనే జంట వాషింగ్టన్ జూకి కానుకగా వచ్చింది. 1980ల నుంచి కానుక పోయి అద్దె వచ్చింది: మామూలుగా పదేళ్ల గడువు, జంటకు ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా కట్టాలి, అక్కడ పుట్టిన పిల్లలూ చైనావే. ఆ డబ్బు పాండాల సంరక్షణకే అంటారు, జనాన్ని అంతగా ఆకట్టుకునే జంతువు ఇంకోటి లేదన్నదీ నిజమే. కానీ ఈ స్నేహం పూర్తిగా ఇచ్చేవాళ్ల చేతిలో ఉంటుంది. 2023 నవంబరులో వాషింగ్టన్ జూలో అప్పుడున్న పాండాలు మూడూ వెనక్కి వెళ్లిపోయాయి, మళ్లీ కొత్త జంట రావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఫిన్లాండ్‌లో ఒక జూ అయితే ఖర్చు భరించలేక గడువుకు చాలా ముందే, 2024లో, తిప్పి పంపేసింది.

రెండో దారికి ఇంత హడావిడి ఉండదు. 1973లో, కోల్డ్ వార్ నడుస్తుండగానే, అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, డెన్మార్క్, నార్వే ఆస్లోలో ధ్రువపు ఎలుగుబంట్ల కోసం ఒప్పందం రాసుకున్నాయి. విమానాల్లోంచి, పెద్ద మోటారు పడవల్లోంచి వేటాడకూడదు, తరతరాలుగా వేట మీద బతికే స్థానికుల హక్కు మాత్రం ఉంటుంది. సోవియట్ యూనియన్ పోయింది, ఒప్పందం ఉంది.

నాకు ఇంకా నచ్చేది 1911 నాటి ఫర్ సీల్ (బొచ్చు తోలు కోసం వేటాడే సముద్ర జంతువు) ఒప్పందం. ఉత్తర పసిఫిక్‌లో నడిసముద్రంలో సీళ్లను తుపాకులతో కాల్చేవాళ్లు, అందులో చాలావరకు చేతికందకుండానే మునిగిపోయేవి, మేతకు వెళ్లిన తల్లి చస్తే ఒడ్డున పిల్ల పాలు లేక చచ్చేది. అమెరికా, రష్యా, జపాన్‌లతో పాటు కెనడా తరఫున బ్రిటన్ కూడా కలిసి ఆ వేట ఆపాయి. మరి మానుకున్నవాళ్లకు ఏం మిగిలింది? సీళ్లు పిల్లల్ని పెట్టే దీవులున్న అమెరికా, రష్యా తమ దగ్గర తీసిన తోళ్లలో జపాన్‌కు 15 శాతం, కెనడాకు 15 శాతం ఇచ్చాయి. నష్టపోయేవాళ్ల లెక్క ముందే తేల్చారు కాబట్టే అది నిలబడింది, సీళ్లూ పెరిగాయి. జపాన్ 1941లో తప్పుకుంది, అయితే అప్పటికే ముప్పై ఏళ్లు గడిచాయి.

అందుకే నా ఓటు ఒప్పందానికే. మనకూ ఒకటుంది: రెండు దేశాల్లోనూ ఉన్న సుందర్‌బన్స్ అడవుల పులుల కోసం 2011లో బంగ్లాదేశ్‌తో ఢాకాలో సంతకం చేసిన ప్రోటోకాల్. అది నిలబడాలంటే రెండు ఒడ్డుల గార్డులూ ఒకే పద్ధతిలో పులులను లెక్కపెట్టాలి, వేటగాళ్ల కబురు అదే రోజు అవతలికి చేరాలి, ఢిల్లీ, ఢాకాల మధ్య మాటలు ఎంత చెడినా ఈ పని ఆగకూడదు.